లంకలో హనుమంతుడికి స్నేహితుడు ఎలా దొరికాడు?



"అమ్మా, బాగున్నా. తిన్నా." వీడియో కాల్‌లో ఈ మాట చెప్పి ఫోన్ పెట్టేశాక గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో పరాయి దేశంలో ఒంటరిగా ఉద్యోగం చేసేవాళ్లకు తెలుసు. పని ల్యాప్‌టాప్‌లో, కూరగాయలు యాప్‌లో. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా ఒక్క మనిషితోనూ మాట్లాడని వారాలు నేనూ చూశాను.

మాది అనంతపురం వైపు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. వేరుశనగ చేతికి రాని ఏడు బెంగళూరు బస్సెక్కడం మా ఊళ్లకు కొత్త కాదు. కానీ వాళ్లు బావతోనో, పక్కింటి అన్నతోనో కలిసి వెళ్లేవారు. మనం ఆఫర్ లెటర్ పట్టుకుని ఒక్కళ్లమే విమానం ఎక్కాం. తేడా అక్కడుంది.

హనుమంతుడు ఏం చేశాడు?

లంకలో హనుమంతుడిది కూడా ఇదే పరిస్థితి. తెలియని ఊరు, పెద్ద పని, తోడు ఎవరూ లేరు. తులసీదాసు రామచరితమానస్ సుందరకాండలో ఒక చక్కని ఘట్టం ఉంది. వెతుకుతూ వెళ్తున్న హనుమంతుడికి ఒక ఇంటి ముందు తులసి మొక్కలు కనిపిస్తాయి. లోపల విభీషణుడు రామనామం తలుచుకుంటూ నిద్ర లేస్తాడు. హనుమంతుడు "నాకెందుకులే, పనుంది" అనుకోలేదు. బ్రాహ్మణ వేషంలో తనే వెళ్లి పలకరించాడు. సీతమ్మ జాడ తెలిసింది ఆ పలకరింపు వల్లే.

ఇందులో రెండు విషయాలు గమనించండి. మొదటి అడుగు కొత్తగా వచ్చినవాడే వేశాడు. దొరికిన స్నేహితుడు తన జాతివాడు కాదు, రాక్షసుల ఇంట పుట్టినవాడు. "మనోళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మాత్రమే వెతికితే మన విభీషణుడు పక్క డెస్క్‌లోనే ఉన్నా కనిపించడు.

నేను చేసిన తప్పు

నేను ఉన్న నగరంలో గుడి ఉంది. మూడు నెలలు ప్రతి ఆదివారం వెళ్లాను. దర్శనం, ప్రసాదం, మెట్రో, ఇల్లు. ఒక్కరి పేరూ తెలియలేదు. ఒకరోజు వడ్డనకు మనుషులు తక్కువై ఒక పెద్దాయన "బాబూ, ఈ సాంబారు బకెట్ పడతావా?" అన్నారు. ఆ పూట నలుగురి పేర్లు తెలిశాయి. తర్వాతి వారం నేను కనబడకపోతే ఫోన్ వచ్చింది. అంతవరకూ నేను వచ్చిపోయే మనిషిని. బకెట్ పట్టుకున్నాక అక్కడి మనిషినయ్యాను.

మా వైపు చెక్క భజన చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. చూస్తూ నిలబడితే అడుగు రాదు. వరుసలో దూరి రెండుసార్లు తప్పు వేస్తే, పక్కవాళ్ల తాళమే మన కాళ్లను సరిచేస్తుంది.

19వ శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల సంగతీ అంతే. వాళ్ల వారసులు ఇప్పటికీ దీపం పెట్టి, దాని చుట్టూ రామ భజనం చేస్తారు. చాలామందికి ఇంట్లో తెలుగు మాట్లాడే అలవాటు పోయినా, ఆ కూడిక పోలేదు. సత్సంగం అంటే ఉపన్యాసం వినడమే కాదు, నలుగురూ కలిసి ఒక మంచి పని మళ్లీ మళ్లీ చేయడం.

ఈ వారం సాధన

• ఒకే చోటు, ఒకే రోజు, ఒకే సమయం ఎంచుకోండి. గుడి, లైబ్రరీ, క్రికెట్ మైదానం ఏదైనా సరే, రెండు నెలలు మానకండి.

• వెళ్లగానే "నేనేం చేయాలి?" అని అడగండి. చేతికి పని దొరికితే నోటికి మాట అదే వస్తుంది.

• ఒక్కరినైనా ఇంటికి పిలవండి. ఉగ్గాని, బజ్జీ చాలు. బొరుగులు నానబెట్టడానికి ఎంతసేపు?

• అమ్మకు నిజం చెప్పండి. "ఈ వారం కొంచెం ఒంటరిగా అనిపించిందమ్మా" అనడం బలహీనత కాదు. ఆ దిగులు వారాల తరబడి వదలకపోతే డాక్టరుతోనూ మాట్లాడండి.

సముద్రం దాటిన హనుమంతుడే ఆగి ఒక తలుపు దగ్గర పలకరించాడు. సముద్రం మనమూ దాటేశాం. ఇక మిగిలింది ఆ తలుపే.

జై శ్రీరామ్.