పొరల స్ఫటికములలో అతివాహకత

గూడూరు అభ్రకమును చేతబట్టి చూచినవారికి ఒక విషయము తెలియును: గోటితో మీటినంతనే అది పొరలు పొరలుగా ఊడివచ్చును. పొరలోని పరమాణువుల బంధము గట్టిది. పొరకును పొరకును నడుమనున్న బంధము బలహీనము. నియోబియం డైసెలినైడు అను స్ఫటికమును ఇట్టిదే. నియోబియం పొరకు పైన ఒకటి, క్రింద ఒకటి సెలీనియం పొరలుండును. ఈ మూడును కలిసి ఒక దొంతర. అయితే అభ్రకము విద్యుత్తును సాగనీయదు, ఇది లోహమువలె సాగనిచ్చును.

దీనిని చల్లార్చుచు పోయినచో రెండు మార్పులు వరుసగా కనబడును. 33 కెల్విన్‌ల వద్ద, అనగా సుమారు సున్నకు క్రింద 240 సెల్సియస్ డిగ్రీల వద్ద, అంతవరకు సమముగా పరచుకొనియున్న ఎలక్ట్రానులు ఒకచోట చిక్కగను, ఒకచోట పలుచగను సర్దుకొనును. వాటితోపాటు పరమాణువులును తమ తావులనుండి రవ్వంత జరుగును. ఈ అమరికకు ఆవేశ సాంద్రతా తరంగమని పేరు. దీని పొడవు ఇంచుమించు మూడు జాలక దూరములు. విల్సన్, డిసాల్వో, మహాజన్ అను మువ్వురు 1974-75లో ఎలక్ట్రాన్ వివర్తనము ద్వారా ఇట్టి స్ఫటికములలో దీని జాడ తీసిరి. ఇక 7.2 కెల్విన్‌ల వద్ద విద్యున్నిరోధము పూర్తిగా మాయమగును. 1911లో లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్ పాదరసమునందు కనుగొనిన అతివాహకతయే ఇది.

ఈ రెండును ఒకే స్ఫటికములో ఎట్లు ఇముడును? అతివాహకతకు ఎలక్ట్రానులు జంటలు కట్టవలెను. ఇట్టి లోహములలో ఆ జంటలను కూర్చునది జాలక కంపనమే. తరంగమును ఎలక్ట్రాన్లకును జాలకమునకును గల ఆకర్షణనుండియే పుట్టును. తరంగములో చిక్కుకొనిన ఎలక్ట్రానులు జంటలకు దక్కవు. కనుక ఇవి శత్రువులని పరీక్షలో ఒక్క మాటలో వ్రాసిపోవుట సులభము.

ఆ మాటకు ఆధారము లేకపోలేదు. టైటానియం డైసెలినైడులో తరంగము సుమారు 200 కెల్విన్‌ల వద్దనే ఏర్పడును, అతివాహకత లేదు. 2006లో దాని పొరల నడుమ రాగిని చొప్పించగా తరంగము క్షీణించెను. రాగి నూటికి నాలుగు పాళ్లకు చేరగా అతివాహకత తలయెత్తెను, ఎనిమిది పాళ్ల వద్ద 4 కెల్విన్‌లు దాటెను. కాని రాగి క్రొత్త ఎలక్ట్రానులనుగూడ తెచ్చినదని మరువరాదు. ఫలితము తరంగము తగ్గుటవలననా, ఎలక్ట్రానులు పెరుగుటవలననా?

ఏమియు కలుపకుండ చేయదగిన పరీక్ష పీడనము. నియోబియం డైసెలినైడుపై వాతావరణ పీడనమునకు నలుబదివేల రెట్లకు మించి ఒత్తిడి కలిగించిన తరంగము అంతరించును. ఇవి నిజముగా శత్రువులైనచో అతివాహకత అచట పెల్లుబుకవలెను. పెరిగినది ఇంచుమించు ఒక్క డిగ్రీ మాత్రమే! ఆ తరంగము పట్టుకొనియున్న ఎలక్ట్రానులు స్వల్పభాగమే. తక్కినవి జంటలకు మిగిలియే యున్నవి.

రాగి ఆక్సైడు పొరలుగల యిట్రియం బేరియం స్ఫటికము సంగతి వేరు. 2012లో ఎక్స్‌కిరణములతో చూడగా, చల్లబడుకొలది పెరుగుచున్న తరంగము అతివాహకత మొదలగుటతోనే తగ్గసాగెను. బలమైన అయస్కాంత క్షేత్రముతో అతివాహకతను అణచినపుడు తరంగము మరల బలపడెను. అచట పోటీ నిజమే.