కష్టకాలంలో శ్రవణ సాధన

ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం, ఆప్తులు దూరం కావడం వంటి కష్టాలు వచ్చిపడినప్పుడు మనిషి దినచర్య చెదిరిపోతుంది; వేళాపాళా లేని ఆ రోజుల్లో మనసు ఒకే బాధ చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. అటువంటి సమయంలో టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారమయ్యే కచేరీని ఇంట్లో కూర్చుని వినడం పైకి కాలక్షేపంగా కనిపించినా, శ్రద్ధగా విన్నవారికి అది వ్యక్తిత్వాన్ని నిలబెట్టే సాధన అవుతుంది.

రికార్డు చేసిన పాట శ్రోత వీలు కోసం ఆగుతుంది. ప్రత్యక్ష కచేరీ ఎవరి కోసమూ ఆగదు కనుక, శ్రోతే ఆ వేళకు సిద్ధమై కూర్చోవాలి. వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందం ఏటా జనవరి 1న జరిపే నూతన సంవత్సర కచేరీని 1959 నుంచి టెలివిజన్ ప్రసారం చేస్తోంది. కరోనా కారణంగా 2021లో కచేరీ జరిగే సభామందిరంలో ఒక్క ప్రేక్షకుడూ లేకపోయినా, రికార్డో ముటి నిర్వహణలో కచేరీ యథావిధిగా జరిగింది. చివర వాయించే రాడెట్‌స్కీ మార్చ్‌కు ప్రేక్షకులు లయబద్ధంగా చప్పట్లు కొట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడు ఆ చప్పట్లు లేకుండానే సంగీతం సాగింది. ఖాళీ కుర్చీల ఎదుట కూడా కళాకారులు తమ నియమాన్ని తప్పకపోవడం, ఇళ్లలో చిక్కుకుపోయిన శ్రోతలకు ఏ ఉపన్యాసమూ నేర్పలేని నిబ్బరాన్ని చూపింది.

సంగీతం దుఃఖాన్ని ఎలా తేలిక చేస్తుందో వివరించడానికి భారతీయ అలంకారశాస్త్రంలోని ‘సాధారణీకరణం’ అనే భావన తోడ్పడుతుంది. భట్టనాయకుడు ప్రతిపాదించగా అభినవగుప్తుడు విస్తరించిన ఈ సిద్ధాంతం ప్రకారం, కళలో వ్యక్తమైన భావం ‘నాది’, ‘పరాయివారిది’ అనే హద్దులను దాటి అందరిదీ అవుతుంది. ఆ భావంతో హృదయాన్ని ఏకం చేయగలవాడే ‘సహృదయుడు’. తన బాధ తనొక్కడిదే అనుకుని కుంగిపోయేవాడు, ఒక రాగాన్ని అదే క్షణంలో ఎందరో వింటున్నారన్న ఎరుకతో విన్నప్పుడు, ఆ ఒంటరితనపు ముడి కొంతైనా సడలుతుంది.

తెలుగువారికి ఇందుకు చక్కని అవకాశం తిరువయ్యారు ఆరాధనోత్సవం. త్యాగరాజస్వామి సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి నాడు, తంజావూరు సమీపాన కావేరీ తీరంలో విద్వాంసులందరూ కలిసి పాడే ఘనరాగ పంచరత్న కీర్తనలను ఆకాశవాణి, దూరదర్శన్ ప్రత్యక్షంగా అందిస్తూ వస్తున్నాయి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఈ ఐదు కీర్తనలూ ఆదితాళంలోనివే. ఆదితాళం అంటే 8 అక్షరాల ఆవృత్తం: మొదట ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, తరువాత దెబ్బ, విసురు జతగా రెండుసార్లు. సంగీతం నేర్చుకోనివారు కూడా తొడమీద ఈ తాళం వేస్తూ వినవచ్చు. లెక్క తప్పిన ప్రతిసారీ మనసు ఎక్కడికో జారిందని చేయే గుర్తుచేస్తుంది, తిరిగి అందుకున్న ప్రతిసారీ ఏకాగ్రత కొంత బలపడుతుంది.

అందువల్ల కచేరీ వేళను ముందే తెలుసుకుని, ఇంటిపనులు ముగించుకుని, ఫోన్‌ను పక్కగదిలో పెట్టి, వీలైతే పెద్దలనూ పిల్లలనూ కలుపుకుని కూర్చోవడం మంచిది. ముగిసిన వెంటనే వార్తల ఛానెల్‌కు మారకుండా కాసేపు మౌనంగా ఉంటే, విన్నది మనసులో ఇంకుతుంది.

సంగీతం అప్పు తీర్చదు, జబ్బుకు మందు కాదు. దిగులు వారాల తరబడి వదలకపోతే వైద్యుణ్ని సంప్రదించవలసిందే. అయితే కష్టం నడుమ గంటసేపు తాళం తప్పకుండా కూర్చోగలిగిన మనిషికి, తన మనసు ఇంకా తన మాట వింటుందన్న నమ్మకం కలుగుతుంది. మరునాటి ఉదయం చేయవలసిన మొదటి పనికి ఆ నమ్మకాన్ని తోడు తీసుకువెళ్లడమే ఈ సాధనకు ఫలం.