ముందు రిమోట్, ఆ తర్వాతే పెట్టె

పొద్దున్నే హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్ నుంచి అప్పా జంక్షన్ మీదుగా ఉద్యోగాలకు పోయేవాళ్ళు ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. అన్నం తిని ఓ సినిమా చూడటానికి కొత్త స్మార్ట్ టీవీయే కొనాలని లేదు. హెచ్‌డీఎంఐ పోర్టున్న పాత టీవీకి చిన్న పెట్టె ఒకటి తగిలిస్తే చాలు. అయితే చాలామంది ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని ఆరా తీసి, రిమోట్ సంగతి చివరికి వదిలేస్తారు. మీరు ఆఫీసులో ఉన్న పది గంటలూ ఆ టీవీ పెట్టుకోవాల్సింది ఇంట్లో ఉన్న అమ్మానాన్నలు. వాళ్ళకు రిమోట్ అలవాటు కాకపోతే మీ పెట్టె మూలన పడ్డట్టే.

రిమోట్‌కు పైసా ఖర్చు లేని దారి ఒకటుంది, సీఈసీ. టీవీ రిమోట్‌లో నొక్కిన బాణాలు, ఓకే, బ్యాక్ బటన్లు హెచ్‌డీఎంఐ కేబుల్ గుండానే పెట్టెకు అందుతాయి. శామ్‌సంగ్ టీవీల్లో దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. సెట్టింగుల్లో వెతికి ఆన్ చేయండి. అయినా పలకకపోతే పెట్టె పాడైందనుకోకుండా ముందు కేబుల్ మార్చి చూడండి. ఈ సంకేతం వెళ్ళేది 13వ పిన్ను మీద; నాసిరకం కేబుళ్ళలో ఆ తీగ కలిపి ఉండకపోవచ్చు.

ఇక పెట్టె. మీరు చూసేది ఆహా, ఈటీవీ విన్, ప్రైమ్, నెట్‌ఫ్లిక్స్ మాత్రమే అయితే పేరున్న కంపెనీ స్టిక్ తీసుకోండి, అంతకు మించి ఆలోచించక్కర్లేదు. తక్కువకు వస్తుందని పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సు కొంటే రెండు నష్టాలు. వైడ్‌వైన్ ఎల్1 అనే కాపీ రక్షణ ధృవీకరణ లేని పెట్టెలో నెట్‌ఫ్లిక్స్ పెద్ద తెర మీద మసకగానే కనిపిస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం: ఇలాంటి పెట్టెల్లో కొన్ని ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్‌తో వస్తున్నాయని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అదే వైఫై మీద మీ బ్యాంకు యాప్ కూడా నడుస్తుందని గుర్తుంచుకోండి.

హార్డ్‌డిస్క్‌లో పెళ్ళి వీడియోలు, దాచుకున్న పాత సినిమాలు ఉన్నవాళ్ళకు 2జీబీ ర్యామున్న రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ సరిపోతుంది. మెమరీ కార్డులో లిబ్రెలెక్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తే కోడి (Kodi) అనే మీడియా ప్లేయర్ తెరుచుకుంటుంది, సీఈసీ దానంతటదే పనిచేస్తుంది. ఫోన్ ఛార్జరు మాత్రం పెట్టకండి, ఈ పెట్టెకు 5 వోల్టులు, 3 ఆంపియర్లు నిలకడగా ఇచ్చే అడాప్టరు కావాలి. కరెంటు పోయి వచ్చే ఇళ్ళలో మెమరీ కార్డు చెడిపోవడం మామూలే. కార్డు మొత్తానికి ఓ నకలు తీసి పెట్టుకోండి, వీలైతే చిన్న యూపీఎస్ పెట్టండి.

ఇంకాస్త శక్తి ఉన్నది కావాలంటే, ఆఫీసులు తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ వంటి మినీ పీసీలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. ఇంటెల్ ఏడో తరం, ఆపైదే చూడండి. 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్‌లోని వీడియోలను గ్రాఫిక్స్ చిప్పే పూర్తిగా ఆడించే ఏర్పాటు అక్కడి నుంచే ఉంది. వీటిలో సాధారణంగా సీఈసీ ఉండదు. కాబట్టి యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ కొనాలి. పెట్టె అల్మారా తలుపు వెనక ఉన్నా అది అందుతుంది, ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ అయితే ఎదురుగా చూపించాల్సిందే. డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఉంటే బటన్లు తడబడతాయి. జానెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ను దూరం జరిపితే సర్దుకుంటుంది.

మూలనున్న పాత డెస్క్‌టాప్ ఉచితమే కదా అనుకోకండి. 60 వాట్లు లాగే పెట్టెను రోజంతా ఆన్‌లో ఉంచితే నెలకు 43 యూనిట్లు, 5 వాట్లదైతే నాలుగు యూనిట్లు కూడా కాదు.

కొనడానికి మెహదీపట్నం దిగి కోఠి గుజరాతీ గల్లీకి గాని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు గాని వెళ్ళవచ్చు. వెళ్ళే ముందు టీవీ వెనక మోడల్ నంబరును ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పెట్టెను దుకాణంలోనే టీవీకి తగిలించి, రిమోట్‌తో ఒక సినిమా మొదలుపెట్టి చూపించమనండి. చూపించనంటే కొనకండి.