పచ్చి మాంసం పెట్టే ముందు

చిరంజీవి అమ్మడూ,

మీ కుక్కకి ఇకమీదట పచ్చి మాంసమే పెట్టాలనుకుంటున్నానని, ఎలా పెట్టాలో చెప్పమని అడిగావు. ఉద్యోగమంతా పశువుల ఆసుపత్రుల్లోనే గడిచింది కనుక వివరంగానే రాస్తాను.

ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయన్ బిల్లింగ్‌హర్స్ట్. 1993లో ఆయన రాసిన పుస్తకం పేరులోనే ఎముక ఉంది. మనవాళ్లు ఆ ఎముకను వదిలేసి మెత్తటి ముక్కలే పెడతారు. చిక్కంతా అక్కడే. వట్టి కండలో కాల్షియం కంటే భాస్వరం పదిహేను ఇరవై రెట్లు ఎక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒళ్లు తన ఎముకల్లోని కాల్షియాన్నే లాగేసుకుంటుంది. ఎదిగే కూనలకైతే కాళ్లు వంకర పోతాయి, మంచం మీంచి దూకినా విరుగుతాయి. మీది రెండేళ్లు దాటిన కుక్క. ఏడాదిలోపుదైతే వద్దనే చెప్పేవాణ్ణి.

20 కిలోల కుక్కకి రోజుకి అరకిలోతో మొదలుపెట్టవచ్చు. అందులో 350 గ్రాములు కండ, 100 గ్రాములు కోడి రెక్కలు, 25 గ్రాములు కోడి కార్జం, 25 గ్రాములు ఉడికించిన మేక కిడ్నీ. రెక్కల్లో దాదాపు సగం ఎముకే. కందనకాయ, గుండెకాయ కండ లెక్కలోకే వస్తాయి. కార్జం ఇష్టంగా తింటోంది కదా అని పెంచకు, విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోతుంది. ఇంత తూచి పెట్టినా జింకు, అయోడిన్, విటమిన్ ఇ చాలకపోవచ్చు. అవి ఎంత కలపాలో మీ డాక్టరునే అడుగు.

కిడ్నీ ఉడికించమన్నానే, దాని సంగతి చెప్తాను. కబేళాలో గొర్రె కార్జం మీద నిమ్మకాయంత తెల్లటి తిత్తులు కనిపిస్తుంటాయి. కోస్తే తేట నీళ్లు చిమ్ముతాయి, అడుగున సన్నటి రేణువులుంటాయి. అమ్ముడుపోదని ఆ ముక్కను గుమ్మం దగ్గర కాచుకున్న కుక్కలకి విసిరేస్తారు. కుక్క పేగుల్లో ఆ రేణువులే అర సెంటీమీటరు పురుగులవుతాయి. కుక్కకి ఏ బాధా ఉండదు. దాని మలంతో గుడ్లు బయటపడి బొచ్చుకి అంటుకుంటాయి. కుక్కని నిమిరిన చేతులతోనే అన్నం తిన్నవాళ్ల కార్జంలో, ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి తిత్తులు పెరుగుతాయి. హైడాటిడ్ జబ్బంటే ఇదే. చాలామందికి ఆపరేషన్ దాకా వెళ్తుంది. అందుకే మేక, గొర్రె కార్జం, ఊపిరితిత్తులు, కిడ్నీ పచ్చివి పెట్టనే వద్దు. తలకాయ కూడా వద్దు, మెదడులో వేరే పురుగు తిత్తులుంటాయి. మైనస్ 20 డిగ్రీల్లో పది రోజులుంచితే ఈ తిత్తులు చస్తాయి. కానీ ఇళ్లలోని ఫ్రీజర్లు చాలావాటిలో అంత చల్లదనం నిలకడగా ఉండదు.

పచ్చి మాంసంలో ఉండే సాల్మొనెల్లా అనే బాక్టీరియాకి ఆ చలి కూడా చాలదు. కుక్క తట్టుకుంటుంది, దాని గిన్నె కడిగిన సింకులోనే కూరగాయలు కడిగితే మనుషులు విరేచనాలతో మంచాన పడతారు. అమ్మమ్మ మీ దగ్గరే ఉంటోంది. ఆవిడ వయసుకి ఆ విరేచనాలొస్తే తట్టుకోలేదు. నా మాట విని ఆవిడున్న ఇంట్లో ఉడికించే పెట్టు. ఉడికిస్తే ఎముకలన్నీ ఏరెయ్యాలి, ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. దానికి బదులు అరకిలో మాంసానికి అర టీస్పూను గుడ్డుపెంకు మెత్తగా పొడి చేసి కలుపు. ఉల్లి, వెల్లుల్లి వెయ్యకు.

ఇప్పటికే పచ్చిది పెట్టడం మొదలుపెట్టి ఉంటే ఈ వారమే డాక్టరుకి చూపించి పురుగుల మాత్ర వేయించు. చీటీలో ప్రజిక్వాంటెల్ అన్న పేరుందో లేదో చూసి, రాత్రికి నాకు ఫోను చెయ్యి.

మీ మామయ్య