సాంబ మసూరి జన్మవృత్తాంతము

తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణముల చుట్టును కనుచూపు మేర వరిపొలములు కలవు. కృష్ణ కాలువలు వానిని తడుపుచున్నవి. ఈ సీమలో పుట్టిన ధాన్యములలో సాంబ మసూరి పేరెన్నిక గన్నది. దాని బియ్యము సన్నన, అన్నము మెత్తన. రైతులు దానిని బి.పి.టి. 5204 అనియు పిలుతురు. బి.పి.టి. అను అక్షరములు బాపట్లకు గుర్తు.

అయినను ఈ వరి బాపట్ల నేలలో తనంత తాను మొలచినది కాదు. దాని పూర్వులు మూడు. మొదటిది కోయంబత్తూరులో ఎంపికచేయబడిన జి.ఇ.బి. 24, అది సన్నబియ్యమునకు ప్రసిద్ధము. రెండవది తైవాను ద్వీపపు తైచుంగ్ నేటివ్ 1. అది పొట్టిమొక్క గనుక ఎరువు వేసినను త్వరగా వాలదు. మూడవది మసూరి. తైవానులోని జపోనికా వరికిని, మలయా దేశపు ఇండికా వరికిని కలిగిన సంతానమే మసూరి. అది 1965లో మలేషియాలో విడుదలయ్యెను.

వరిపువ్వు సాధారణముగా తన పుప్పొడితోనే గింజ కట్టును. కావున శాస్త్రజ్ఞులు పువ్వు విచ్చుకొనకముందే అందలి కేసరములను తొలగించి, వేరొక రకపు పుప్పొడిని చల్లుదురు. అట్లు పుట్టిన మొక్కలలో మేలైనవానిని తరతరములుగా ఏరుదురు. ఇది మిగుల ఓర్పుతో కూడిన పని. ఇట్టి కృషి ఫలముగా 1986లో సాంబ మసూరి రైతులకు అందెను.

కాని దానికొక లోపము కలదు. బాక్టీరియా ఆకుఎండు తెగులు సోకినచో పైరు ఎండి, గింజలు తాలుపోవును. రుచిగల వరిని విడుచుటయా, నష్టమునకు సిద్ధపడుటయా? రైతు ఎదుట ఈ చిక్కు నిలిచెను.

దీనిని తీర్చుటకు హైదరాబాదులో రెండు విద్యలు చేతులు కలిపెను. వరి పరిశోధనా సంస్థవారికి పైరు గుణము తెలియును; సి.సి.ఎం.బి. వారికి జన్యువుల జాడ తెలియును. వారు తెగులును తట్టుకొను మూడు జన్యువులను సంకరము ద్వారా సాంబ మసూరిలో చేర్చిరి. అందొకటి ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవివరినుండి వచ్చినది. లేతమొక్క ఆకుతునకను పరీక్షించియే, ఏ మొక్కలో ఆ జన్యువులు కలవో వారు గుర్తింపగలిగిరి. బియ్యపు గుణము చెడకుండ, తెగులును తట్టుకొను రకము 2008లో వెలువడెను.

రేపల్లెలో ఒక ఇంట వడ్డించిన సాంబ మసూరి మెతుకులో కోయంబత్తూరు, తైవాను, మలయా కలిసియున్నవి. మేలురకమందు మాలీ కూడ చేరినది. ఎవరి విత్తనము వారు, ఎవరి విద్య వారు దాచుకొనియుండినచో ఆ మెతుకు పుట్టెడిది కాదు.