జీవశాస్త్ర పట్టభద్ర విద్య: వేపపూత నుండి హెర్బేరియం వరకు

బి.ఎస్సీ. మొదటి సంవత్సరపు వృక్షశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి ముందు ఒక పూలకొమ్మ, ఒక సూది, ఒక బ్లేడు, ఒక గాజుపలక ఉంచుతారు. కొమ్మ వేపదైతే ఆ విద్యార్థికి అది కొత్తది కాదు. ఏటేటా ఉగాది పచ్చడిలో ఆ పూతను రుచి చూచినవాడే. అయినా అందులో కేసరాలెన్నో లెక్కించిన సందర్భం ఉండదు. సూదితో విప్పి చూస్తే ఐదు రక్షకపత్రాలు, ఐదు ఆకర్షణపత్రాలు, వాటి నడుమ ఒక చిన్న తెల్లని గొట్టం కానవస్తాయి. పది కేసరాల కాడలు కలిసిపోయి ఏర్పడిన గొట్టమది. పరాగకోశాలు దాని పైఅంచుకు లోపలివైపున అమరి ఉంటాయి. అండాశయాన్ని అడ్డంగా కోస్తే మూడు గదులు కనబడతాయి. ఇవన్నీ స్వయంగా చూచి పుష్పచిత్రం గీచిన విద్యార్థి మీలియేసి కుటుంబ లక్షణాలను కంఠస్థం చేయనక్కరలేదు.

అయితే జరుగుతున్నది తరచు ఇందుకు విరుద్ధం. పై తరగతివారి రికార్డు పుస్తకాన్ని ఎరువు తెచ్చుకొని, బొమ్మను నకలు చేసి, సంతకం చేయించుకోవడమే ప్రయోగంగా పరిణమిస్తున్నది. ఆ బొమ్మలో కేసరాల సంఖ్య సరిగానే ఉంటుంది. చూపు మాత్రం అలవడదు.

వేప పేరులో ఒక దేశచరిత్ర ఇమిడి ఉన్నది. తమిళులకది వేంబు, కన్నడిగులకు బేవు, హిందీ ప్రాంతాలవారికి నీమ్, వంగదేశీయులకు నిమ్. 1753లో లిన్నేయస్ దీనిని మీలియా అజాడిరక్టా అన్నాడు. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ ద జుస్యూ దీనిని వేరుచేసి అజాడిరక్టా ఇండికా అని పిలిచాడు. పారశీకంలోని ‘ఆజాద్ దిరఖ్త్’ అనే మాటకు లాటిన్ వేషం తొడిగితే వచ్చిన పేరిది. ఇదే కుటుంబానికి చెందిన మరొక చెట్టు శాస్త్రనామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఇందులోని మొదటి మాట తెలుగువారి ‘సోమిద’యే. 18వ శతాబ్ది చివరి దశకాలలో గోదావరి మండలంలోని సామర్లకోటలో పనిచేసి, 1793లో కలకత్తా తోటకు తరలివెళ్ళిన విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టు బెరడు జ్వరహారి అని గుర్తించాడు. పల్లెవాసులు పలికిన మాట ఆ విధంగా ప్రపంచ విజ్ఞాన భాషలో చేరింది. లాటిన్ పేర్లను చూచి జంకే విద్యార్థికి ఈ సంగతి ముందుగా చెప్పడం మంచిది.

పారిభాషిక పదాల చిక్కు ఇంకొక తీరుది. కేంద్ర ప్రభుత్వం 1961లో శాస్త్ర, సాంకేతిక పదావళి సంఘాన్ని నెలకొల్పింది. ఉన్నతవిద్యకు తెలుగు గ్రంథాలను సమకూర్చడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. అంతకు చాలాముందే, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో శాస్త్రాలను బోధించి చూపింది. మాటలన్నీ సంస్కృత మూలాల నుండి తీసినంత మాత్రాన ప్రాంతాల మధ్య అవగాహన కుదరదు. తెలుగు విద్యార్థికి ‘కణం’ అంటే ప్రాణికి మూలప్రమాణం. హిందీలో దానిని ‘కోశికా’ అంటారు; ‘కణ్’ అంటే వారికి రేణువు మాత్రమే. మన కిరణజన్య సంయోగక్రియ వారికి ప్రకాశ్ సంశ్లేషణ్, తమిళులకు ఒళిచ్చేర్కై. మాతృభాషలో విషయాన్ని గ్రహించి, ఆంగ్లపదాన్ని దాని పక్కనే వ్రాసుకొనే విద్యార్థి ఎక్కడికి వెళ్ళినా తడబడడు. ఆంగ్లపదాన్ని మాత్రమే వల్లించినవాడి తడబాటు ఆలస్యంగా బయటపడుతుంది.

కణవిభజన ప్రయోగానికి కావలసినది ఒక ఉల్లిగడ్డ. దాని అడుగుభాగం నీటిని తాకేటట్లు గాజుపాత్రపై నిలిపితే కొద్ది రోజులలో వేళ్ళు వస్తాయి. ఉదయం వేళ కొనలను త్రుంచి, ఆల్కహాలు మూడు పాళ్ళు, అసిటికామ్లం ఒక పాలు కలిపిన ద్రవంలో ఉంచాలి. తరువాత అసిటోకార్మిన్‌తో రంగు పట్టించి, స్లైడుపై కవర్‌స్లిప్ వేసి, వడపోత కాగితం అడ్డుపెట్టి బొటనవ్రేలితో నొక్కాలి. నొక్కు తక్కువైతే కణాలు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి; వ్రేలు జారితే అంతా చెదరిపోతుంది. పది స్లైడులు పాడైన పిమ్మట పదకొండవదానిలో పదహారు క్రోమోజోములు విడివిడిగా కనబడిన విద్యార్థి ముఖం చూడవలసినదే.

జంతుశాస్త్రంలో మార్పు పెద్దది. కొన్ని తరాలవారికి ఆ శాస్త్రమంటే మైనపు పళ్ళెంలో గుచ్చిన కప్ప. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2011లో అవయవ విచ్ఛేదనాన్ని క్రమంగా తగ్గించాలని సూచించి, 2014లో దానిని నిలిపివేయవలసిందిగా ఆదేశించింది. కప్పకాళ్ళ ఎగుమతిని దేశం 1987లోనే నిషేధించింది. పొలాలలో కీటకాలను తినే ప్రాణిని ఏటా అన్ని తరగతి గదులలో చంపడం సమర్థనీయం కాదు. కాని కప్ప స్థానంలో గోడపటం ఒక్కటే వస్తే విద్యార్థి నష్టపోయినట్లే. ఎండుగడ్డి నానిన నీటి చుక్కలో ఈదే పేరమీషియం, వర్షాకాలపు గుంటలో కప్పగ్రుడ్లు తోకకప్పలుగా మారే క్రమం, కోరింగ మడ అడవిలో బురదనుండి పైకి లేచిన శ్వాసవేళ్ళు, వీటిని చూడడానికి ఏ ప్రాణినీ కోయనక్కరలేదు. బస్సు ఖర్చు, ఓపిక గల అధ్యాపకుడు కావాలి. ఈ రెండవదే దుర్లభం.

చిరకాలం చెల్లిన వృక్ష, జంతు, రసాయన శాస్త్రాల మూడింటి కూర్పు స్థానంలో ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుండి ఒకే ప్రధానవిషయం గల పద్ధతి ప్రవేశించింది. పద్ధతి ఏదైనా, ఖరీదైన పరికరాలు లేని కళాశాల తాను వెనుకబడినట్లు భావించడం సహజం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1964లో శిప్రా గుహ, సతీశ్‌చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను పోషకద్రవ్యంపై పెంచుతుండగా వాటినుండి పిండాలు పుట్టుకువచ్చాయి. ఏకస్థితిక మొక్కలను పెంచే మార్గం దానితో ఏర్పడి, పంటల ప్రజననానికి ఉపకరించింది. వారి పదార్థం ఉమ్మెత్త. దాని బంధువులు మన ఊరి దిబ్బలపైననే మొలుస్తాయి.

సంవత్సరాంతంలో విద్యార్థి సమర్పించవలసిన వాటిలో హెర్బేరియం ఒకటి. ఎండబెట్టి అతికించిన మొక్క క్రింద కుడిమూలన చీటీ ఉంటుంది: శాస్త్రనామం, కుటుంబం, స్థానికనామం, సేకరించిన చోటు, తేది, సేకర్త పేరు. చాలా చీటీలలో స్థానికనామం గడి ఖాళీగా ఉంటుంది. దానిని నింపడానికి ఆ ఊరి పశువులకాపరినో, ఇంట్లో అమ్మమ్మనో అడిగితే చాలు.