గని ఊళ్లో బొమ్మల కొలువు: బ్రోకెన్ హిల్ యాత్రపై సందేహాలు - సమాధానాలు

ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు సిడ్నీ వంతెన, మెల్‌బోర్న్ బీచ్‌లు చూసేశాక "ఇంకేముంది?" అని అడుగుతున్నారు. ఈసారి ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే ఊరు పేరు కనిపించింది. న్యూ సౌత్ వేల్స్ పడమటి కొసన, ఎడారి మధ్యనున్న బ్రోకెన్ హిల్. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను.

*సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి అడిలైడ్‌లో ఉంటాడు. "బ్రోకెన్ హిల్ అని గని ఊరుంది నాన్నా, బొమ్మలకు ప్రసిద్ధి, తీసుకెళ్తా" అంటున్నాడు. జీవితమంతా గనిలోనే గడిచింది. ఇప్పుడు ఐదొందల కిలోమీటర్లు పోయి ఇంకో గని చూడాలా? అసలు గని ఊళ్లో బొమ్మలేమిటి?*
— ఒక పాఠకుడు, కొత్తగూడెం

తప్పకుండా వెళ్లండి. ఆ ఊరు మీ అబ్బాయి కన్నా మీకే ఎక్కువ అర్థమవుతుంది.

1883లో మౌంట్ గిప్స్ అనే గొర్రెల క్షేత్రంలో కంచెలు చూసుకునే చార్లెస్ రాస్ప్, ఒక కొండ మీద నల్లరాయి చూసి తగరం అనుకున్నాడు. తీరా అక్కడ ఉన్నది వెండి, సీసం, జింక్. ఏడుగురు వాటాదార్లు కలిశారు. 1885లో బ్రోకెన్ హిల్ ప్రొప్రైటరీ అనే కంపెనీ పుట్టింది. అదే బీహెచ్‌పీ. ఇవాళ ప్రపంచంలోని అతి పెద్ద గని కంపెనీల్లో అదొకటి. కానీ 1939లోనే ఆ కంపెనీ ఈ ఊరు వదిలి వెళ్లిపోయింది. ఊరికి పేరు పెట్టిన కొండ కూడా ఇప్పుడు లేదు, తవ్వేశారు. దాని చోట గని వ్యర్థాల దిబ్బ ఊరిని రెండు ముక్కలు చేస్తూ నిలబడి ఉంది. వేరే కంపెనీలు ఇప్పటికీ కింద తవ్వుతూనే ఉన్నాయి.

మీరు ముందు ఆ దిబ్బ మీదికే వెళ్లండి. గనుల్లో ప్రాణాలు పోయిన ఎనిమిది వందల మందికి పైగా కార్మికుల పేర్లు అక్కడి స్మారకంలో ఉన్నాయి. ఎవరు ఏ ఏడాది పోయారో, ఎలా పోయారో కూడా రాశారు. రూఫ్ ఫాల్, అంటే గని పైకప్పు కూలడం, ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 1919లో మొదలైన సమ్మె 18 నెలలు సాగింది. సీసం విషం, ఊపిరితిత్తుల్లో చేరే రాతిధూళి ఆ పోరాటానికి మూలం. చివరికి 1920లో భూగర్భ కార్మికులకు వారానికి 35 గంటల పని వచ్చింది. వందేళ్ల కిందటి మాట ఇది! యూనియన్లే సొంతంగా దినపత్రిక నడిపిన ఊరు కూడా ఇదే. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ జాబితాలో చేరిన మొదటి నగరం ఇది.

ఇక బొమ్మల సంగతి. ఆ ఊళ్లో అందరికన్నా పేరున్న చిత్రకారుడు ప్రో హార్ట్ గనిలో దిగి పనిచేసినవాడే. అసలు పేరు కెవిన్. ఎప్పుడూ ఏదో ఒకటి కనిపెడుతుంటే తోటివాళ్లు 'ప్రొఫెసర్' అని పిలిచారు, అదే 'ప్రో' అయింది. షిఫ్టు దిగి వచ్చి గీసేవాడు. గని మనుషులు, గుర్రప్పందాలు, చీమలు, తూనీగలు, ఎర్రమట్టి. ఫిరంగితో రంగులు పేల్చి కూడా బొమ్మ వేశాడు. 2006లో చనిపోతే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. బయటినుంచి కళాకారులు వచ్చి ముస్తాబు చేసిన ఊరు కాదిది. అక్కడి గనిలోంచే ఆ బొమ్మలు బయటికొచ్చాయి. అందుకే దిబ్బ చూడకుండా నేరుగా గ్యాలరీలకు వెళ్లేవాళ్లకు సగమే అందుతుందని నా అభిప్రాయం.

నడుస్తున్న గనుల్లోకి సందర్శకుల్ని దించరు. సిల్వర్టన్ అనే ఊరికి వెళ్లే దారిలో డేడ్రీమ్ అనే పాత గని ఉంది. హెల్మెట్, దీపం ఇచ్చి నడిపిస్తూ దింపుతారు. వంగి నడవాలి, మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులుంటే పైనే ఆగండి.

*డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. మాకు అక్కడ ఒక్క పగలే దొరికేలా ఉంది. ఏం చూడాలి?*
— ఒక పాఠకుడు, తెనాలి

ఒక్క పగలు చాలదు. ఒక్క రాత్రైనా కలపండి, ఎందుకో చివర్లో చెబుతాను.

ఉదయం ఆర్జెంట్ స్ట్రీట్‌తో మొదలుపెట్టండి. ఆ ఊళ్లో చాలా వీధుల పేర్లు రసాయనశాస్త్రం పుస్తకంలోవే: ఆక్సైడ్, క్లోరైడ్, సల్ఫైడ్, బ్రోమైడ్. నగర ఆర్ట్ గ్యాలరీ ఆర్జెంట్ స్ట్రీట్‌లోనే ఉంది. 1904లో పెట్టారు. న్యూ సౌత్ వేల్స్‌లో సిడ్నీ బయట ఇంతకన్నా పాత గ్యాలరీ లేదు. మొదటి ఏడుగురు వాటాదార్లలో ఒకడైన జార్జ్ మెకలక్ ఇచ్చిన చిత్రాలతో మొదలైంది. ఊరు పుట్టి పాతికేళ్లు నిండకముందే, నీళ్లకు కటకటలాడే రోజుల్లో, బొమ్మలకు ఇల్లు కట్టుకున్నారు వాళ్లు.

అదే వీధిలో ప్యాలెస్ హోటల్. 1889లో మద్యనిషేధ ఉద్యమకారులు కాఫీ మాత్రమే అమ్మాలని కట్టారు. గని కార్మికుల ఊళ్లో కాఫీతో గిట్టుబాటవుతుందా? కొన్నేళ్లకే మద్యం లైసెన్సు తెచ్చుకున్నారు. తర్వాతి యజమాని మారియో చెలొట్టో, బోటిచెల్లి వీనస్‌ను చూసి తనే పైకప్పు మీద గీశాడు. మిగతా గోడల్ని గార్డన్ వేయ్ అనే ఆదివాసీ చిత్రకారుడు ప్రకృతి దృశ్యాలతో నింపాడు. ఎడారిలో ఎక్కడా లేని జలపాతాలు ఆ గోడల మీద దూకుతుంటాయి. నాజూకైన కళ అని చెప్పను. కానీ చూస్తే నవ్వొస్తుంది, తర్వాత మెచ్చుకోబుద్ధేస్తుంది.

మధ్యాహ్నం ప్రో హార్ట్ గ్యాలరీ. ఆయన రంగులు వేసిన రోల్స్ రాయిస్ కారు కూడా చూడొచ్చు. 1973లో ఆయన, జాక్ అబ్సలమ్, ఎరిక్ మిన్చిన్, జాన్ పికప్, హ్యూ షుల్జ్ కలిసి 'బ్రష్‌మెన్ ఆఫ్ ద బుష్' అనే బృందం కట్టారు. ప్రదర్శనలు పెట్టి వచ్చిన డబ్బు దానధర్మాలకు ఇచ్చేవారు. ఈ ఊరికి బొమ్మల ఊరన్న పేరు దేశమంతా పాకింది వీళ్లవల్లే. డ్రాయింగు మాస్టారు కాబట్టి మీకో మాట. ఈ బృందం చిత్రాల్లో కొన్ని క్యాలెండరు బొమ్మల్లా తియ్యగా ఉంటాయి. ప్రో హార్ట్ గని చిత్రాల దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడండి.

సాయంత్రం శిల్పాల కొండ. 1993లో దేశదేశాల శిల్పులు పన్నెండు మంది వచ్చి, ఊరికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద పన్నెండు ఇసుకరాళ్లు చెక్కారు. మెక్సికో, సిరియా, జార్జియా నుంచి వచ్చినవాళ్లున్నారు, ఆ ప్రాంతపు బార్కిన్జీ కళాకారుడు బ్యాడ్జర్ బేట్స్ కూడా ఉన్నాడు. ఆయన చెక్కింది నీళ్లను కాచే ఇంద్రధనుస్సు సర్పాలు. మెక్సికో శిల్పి అంటోనియో నవా తిరాడో రాయిని గుండ్రంగా తొలిచాడు, పొద్దుగూకేటప్పుడు వెలుగు అందులోంచి వస్తుంది. పైదాకా కారు వెళ్లే దారుంది, కింద కారు ఆపి నడిచి ఎక్కే బాటా ఉంది. ప్రవేశ రుసుము ఉంటుంది. అందరూ సూర్యాస్తమయానికే వస్తారు. తెల్లవారుజామున వెళితే రాళ్లకూ మీకూ మధ్య ఎవరూ ఉండరు. రాత్రి ఉండమన్నది అందుకే.

*మనవడికి రెండేళ్లు. ఆ ఊరి మట్టిలో సీసం ఉంటుందని అల్లుడు భయపెడుతున్నాడు. నిజమా?*
— ఒక పాఠకురాలు, గుంటూరు

నిజమే. ఐదేళ్ల లోపు పిల్లల రక్తంలో సీసం ఎంతుందో అక్కడ క్రమం తప్పకుండా పరీక్షిస్తారు, ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. ఒకటి రెండు రోజులు ఉండి వచ్చేవాళ్లు బెంబేలు పడక్కర్లేదు. దుమ్ము చేతికి, చేయి నోటికి చేరడమే అసలు దారి. తినేముందు చేతులు కడగండి, గడ్డి లేని మట్టిలో పిల్లాణ్ణి ఆడనివ్వకండి, బూట్లు గది బయటే విప్పండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, ఇళ్ల కప్పుల మీంచి తొట్లలో పట్టిన వాననీళ్లు వద్దు. ఇంట్లో గర్భిణి ఉంటే ముందు డాక్టరును అడగండి.

ఆ దుమ్ము ఇప్పుడు తగ్గిందంటే కారణం ఆల్బర్ట్ మోరిస్. గనిలో లోహ పరీక్షకుడు, మొక్కల పిచ్చి ఉన్నవాడు. వంటచెరకుకు చెట్లు నరికి, పశువులు గడ్డి మేసి ఊరి చుట్టూ నేల బోడిదైపోతే, 1936లో కంచెలు కట్టించాడు. పశువులు, కుందేళ్లు రాకుండా ఆపితే చాలు, ఆ నేలలోని మొక్కలే తిరిగి లేస్తాయని ఆయన నమ్మకం. లేచాయి. ఊరి చుట్టూ ఆ పచ్చని పట్టీ ఇప్పటికీ ఉంది. ఆల్బర్ట్ మోరిస్ మాత్రం 1939లోనే పోయాడు.

*ఆవకాయ, మామిడిపళ్లు పట్టుకెళ్లొచ్చా? శాకాహారం దొరుకుతుందా?*
— ఒక పాఠకురాలు, నూజివీడు

మామిడిపళ్ల మాట మర్చిపోండి. పండ్ల ఈగ భయంతో సౌత్ ఆస్ట్రేలియాలోకి పండ్లు, కూరగాయలు రానివ్వరు. బ్రోకెన్ హిల్ నుంచి అడిలైడ్ దారిలో ఊడ్లా విర్రా దగ్గర కార్లు ఆపి చూస్తారు. భారత్ నుంచి దేశంలోకి దిగేటప్పుడు తినుబండారాలన్నీ కాగితంలో రాసి చూపించాలి, పచ్చడైనా సరే. ఊళ్లో శాకాహారులకు చీజ్ స్లా అనే తురుమిన క్యారెట్, చీజు కలిపిన పదార్థం అక్కడి ప్రత్యేకం. రొట్టెలో పెట్టిస్తారు. రెండు పూటలు దాంతో గడుస్తుంది, మూడో పూటకు మీ ఆవకాయ గుర్తొస్తుంది.

*సిడ్నీలో ఉంటాం. కారులో వెళ్లడం మంచిదా, రైలా?*
— ఒక పాఠకుడు

సిడ్నీ నుంచి సుమారు 1,150 కిలోమీటర్లు. వారానికి ఒక రైలు ఉంది, పగలంతా ప్రయాణమే. కారైతే రెండు రోజులు చేసుకోండి. కోబార్ దాటాక విల్కానియా దాకా దాదాపు 260 కిలోమీటర్లు. ట్యాంకు నింపుకోకుండా కదలకండి, తాగునీళ్లు ఎక్కువే పెట్టుకోండి, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. పొద్దుగూకాక కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, చీకట్లో బండి నడపొద్దు. అద్దె కారైతే మట్టిరోడ్ల మీద బీమా వర్తిస్తుందో లేదో కాగితాల్లో చదవండి. ఇంకోటి, ఊరు న్యూ సౌత్ వేల్స్‌దైనా గడియారం సౌత్ ఆస్ట్రేలియాది. సిడ్నీ కన్నా అరగంట వెనక. రైళ్లు, టూర్లు తప్పిపోయేది ఇక్కడే.

*మన దేశం నుంచి వెళ్లిన ఒంటెల వాళ్లు అక్కడ మసీదు కట్టారని విన్నాను.*
— ఒక పాఠకుడు, కర్నూలు

కట్టారు. అందరినీ 'ఆఫ్ఘన్లు' అన్నారు గానీ, వాళ్లలో బలూచిస్తాన్, పంజాబ్, సింధ్ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. లారీలు రాకముందు ఆ ఎడారిలో సరుకు మోసింది వాళ్ల ఒంటెలే. 19వ శతాబ్దం చివర్లో ఒంటెల విడిది దగ్గర రేకులతో కట్టిన ఆ చిన్న మసీదు ఇప్పుడు మ్యూజియం. తెరిచే వేళలు తక్కువ, ముందు కనుక్కోండి.

*ఆదివాసీల రాతి చిత్రాలు చూడొచ్చా?*
— ఒక పాఠకురాలు, భద్రాచలం

సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని ముతవింజీ నేషనల్ పార్కులో చూడొచ్చు. చేతుల అచ్చులు, రాతి చెక్కడాలు ఉన్న చారిత్రక భాగంలోకి గైడు లేకుండా పోనివ్వరు. తమ స్థలాన్ని తమకు చెప్పకుండా పర్యాటకులకు తెరిచారని 1983లో అక్కడి ఆదివాసీలు దారి అడ్డుకున్నారు. 1998లో ఆ పార్కు సొంతదారులకే తిరిగి దక్కింది, న్యూ సౌత్ వేల్స్‌లో అలా దక్కిన మొదటిది అదే. ఫొటో తీసే ముందు గైడును అడగండి, వద్దంటే మానేయండి. వాన పడితే మట్టిరోడ్డు మూసేస్తారు. బ్రోకెన్ హిల్ బొమ్మల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఈ చోటును చివర్లో చేరుస్తారు. వేళ కుదిరితే మీరు మొదటే వెళ్లండి.

*సంక్రాంతి సెలవులకు వెళ్దామనుకుంటున్నాం.*
— ఒక కుటుంబం, విశాఖపట్నం

వద్దు. జనవరిలో అక్కడ నడివేసవి, 40 డిగ్రీలు దాటుతుంది, ఈగలు సరేసరి. మే నుంచి సెప్టెంబరు లోపు పెట్టుకోండి. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం స్వెట్టర్ కావాలి. స్కూలు సెలవుల్లో గదులు త్వరగా నిండిపోతాయి కాబట్టి ముందు బస చూసుకుని, తర్వాతే టికెట్లు తీసుకోండి.